గుట్ట మీది వాల్వు

జలాశయంలో నీటిమట్టం చూసి, ఊళ్లో ఏ పేటకు ఎంత నీరు పోతోందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. పొద్దున్నే గట్టు దిగి కొలత పలక చదివేది. తర్వాత పంపుల గదిలో మీటర్ల ముందు కూర్చునేది. "మా మరదలు టీలో నీళ్లు కూడా కొలిచే పోస్తుంది" అని బావ ఆటపట్టించేవాడు. ఇంట్లో అందరికీ ఆమె 'కొలబద్ద'.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొలత పలక అడుగుదాకా బయటపడింది. చుట్టూ నెర్రెలిచ్చిన బురద, చచ్చిన చేపల కంపు. ఎత్తుకు నీరెక్కాలంటే పంపులన్నీ ఒకేసారి నడపాలి. నడిపితే నీటితోపాటు బురదా వస్తుంది. గుట్ట మీది కాలనీకి నీరెళ్లే వాల్వు కట్టేసి ట్యాంకర్లు పంపుదామని ఆమే చెప్పింది. ఇంజనీరు సరేనన్నాడు. ఆ కాలనీలోనే, మూడో అంతస్తులో, అక్క కాపురం.

రెండు రోజులకే అక్క ఫోన్ చేసింది.

"మా అత్త మంచం దిగలేదు. రోజూ పక్కబట్టలు ఉతకాలి. ఒక్క పూట ఆ వాల్వు తిప్పవే."

"అది తిప్పితే పంపులన్నీ నడపాలి, కింద ఆసుపత్రికి కూడా బురదే పోతుందక్కా. ఆదివారం వచ్చి నీళ్లు నేను మోసి పెడతాను."

"ఇక్కడ అందరూ నన్నే దెప్పుతున్నారు, మీ చెల్లెలే కదా ఆపిందీ అని. తోడబుట్టినదానికే జాలి లేకపోతే ఇంకెవరికి చెప్పుకోను?"

ఆమె నోరు తెరిచేలోపే అక్క ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ఇంకా రానేలేదు. ట్యాంకర్ దగ్గర తోపులాటలో పట్టుకున్న బిందె చంకనెత్తుకుని ఎక్కుతూ, తడి మెట్ల మీద అక్క జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చెల్లెల్ని చూడగానే గోడవైపు తిరిగి పడుకుంది. "నీ తప్పేం లేదులే" అన్నాడు బావ, ఆమె మొహంలోకి చూడకుండానే.

వానలు ఆలస్యంగా పడ్డాయి. గుట్టకు మళ్లీ నీళ్లెక్కాయి. అక్క మాత్రం కర్ర లేకుండా నడవలేకపోయింది. సెలవు దొరికినప్పుడల్లా ఆమె వెళ్లి ఇల్లు ఊడ్చి, బట్టలుతికి, వంటచేసి వచ్చేది. ఇద్దరి మధ్యా ఉప్పు ఎక్కడుంది, మందు వేసుకున్నావా, అంతవరకే మాటలు.

ఒకరోజు అక్కే ఆ మాట కదిపింది.

"ఆ రోజు నువ్వు నా మాట విని తిప్పుంటే ఆసుపత్రికి బురద పోయేది, ఊళ్లో నేను తలెత్తుకుని తిరగలేకపోయేదాన్ని. నాకు తెలుసు." కర్ర మంచానికి ఆనించింది. "కానీ నువ్వు తిప్పలేదన్నది కూడా మనసులోంచి పోవట్లేదే. ఏం చెయ్యను?"

ఆమె చీపురు పట్టుకుని అక్క మంచం కింద ఊడ్చడానికి వంగింది.