గోల్ పక్కన ఫొటోగ్రాఫర్

ఆ పత్రిక ఆటల విభాగంలో ఆమెను అందరూ స్కోరమ్మ అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఫోన్ దగ్గర కూర్చుని స్కోర్లు రాసుకోవడమే ఆమె ఉద్యోగం. మగవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇద్దరు విలేఖరులు, ఒక ఫొటోగ్రాఫర్ వెళ్తారు. ఆడవాళ్ల మ్యాచ్‌కి ఎవరూ వెళ్లరు. శనివారం సాయంత్రం ఐదింటికి వాళ్ల కోచ్ ఫోన్ చేసి చెబుతాడు, ఆమె రాసుకుంటుంది. నాలుగు వాక్యాలు ఎప్పుడో టైపు చేసి పెట్టుకుంది. జట్ల పేర్లు, అంకెలు మారిస్తే చాలు. పేజీలో చోటు మిగిలితే నాలుగూ వస్తాయి. మిగలకపోతే ఒకటి.

ఆ ఆడవాళ్ల జట్టు గోల్‌కీపర్ స్కోరమ్మ అక్క కూతురే. తోటి పిల్లలు ఆమెను గోడ అని పిలుస్తారు. గోడ పిన్నిని దెప్పని ఆదివారం లేదు.

"మగ కెప్టెన్ క్షవరం చేయించుకుంటే ఫొటోతో సహా వేశారు. పోయినేడు మేం సెమీస్ గెలిస్తే టైర్ల ప్రకటన కింద పడేశారు. ఇంటిల్లిపాదీ భూతద్దం పట్టుకుని వెతికాం పిన్నీ."

"నా చేతిలో ఏముందే?"

"పెన్నుంది కదా!"

ఒక శనివారం కోచ్ స్కోరు చెప్పాక ఫోన్ పెట్టేయలేదు. "మన గోడ తలకి ఎవరిదో మోకాలు తగిలిందండీ. నిమిషం సేపు లేవలేదు. మొహాన నీళ్లు కొడితే లేచి చివరిదాకా ఆడేసింది. గట్టి పిండం!"

"డాక్టరు చూశాడా?"

"డాక్టరా?" అని నవ్వాడు ఆయన. నిజమే. టీవీ వాళ్లు వచ్చే మ్యాచ్‌కే అంబులెన్స్ వస్తుంది. అది వాళ్ల ఒప్పందంలో ఉంటుంది. ఆడపిల్లలకి కోచ్ స్కూటర్ డిక్కీలో ఒక కట్టుగుడ్డ చుట్ట, ఒక నొప్పి స్ప్రే ఉంటాయి.

స్కోరమ్మ వెంటనే అక్క వాళ్లింటికి ఫోన్ చేసింది. గోడే ఎత్తి, బాగానే ఉన్నానంది. గుండె కుదుటపడ్డాక స్కోరమ్మకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ సంగతి తనే రాసి డెస్క్ చీఫ్‌కి ఇచ్చింది. మర్నాడు రెండు కాలమ్‌ల వార్త వచ్చింది: 'తలకు దెబ్బ తగిలినా కదలని గోడ'. ఆ ముక్క కత్తిరించి పిల్ల అలమార తలుపుకి అంటించుకుంది.

తర్వాతి శనివారం గోడ మళ్లీ పడింది. ఈసారి కోచ్ స్కోరు కంటే ముందు ఆ సంగతే చెప్పాడు. "రాసుకోండి. ఇదివరకు చేతులు ముందుపెట్టి దూకేది. ఇప్పుడు తలే ముందు పెడుతోంది. భయమన్నది లేదు."

స్కోరమ్మ రాసుకోలేదు. చీఫ్ స్వయంగా కోచ్‌కి ఫోన్ చేసి రాసుకున్నాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర గోడ ఒక జోకు చెప్పింది. అందరూ నవ్వారు. పెరుగు కలుపుకుంటూ, మొదటిసారి చెబుతున్నట్టు అదే జోకు మళ్లీ మొదలుపెట్టింది. "చాల్లేవే, అరిగిపోయింది" అంటూ అక్క ఇంకా నవ్వింది. గోడ ఎండ కళ్లల్లో గుచ్చుతోందని లేచి కర్టెన్ లాగింది. బయట మబ్బుగా ఉంది.

"వచ్చే వారం ఆడకే" అంది స్కోరమ్మ.

"ఫైనల్ పిన్నీ! ఇన్నాళ్లకి మేమూ ఆడుతున్నామని జనానికి తెలిసింది. కాస్త తలనొప్పి, అంతే. కదల్లేదని రాసింది నువ్వే కదా?"

సోమవారం స్కోరమ్మ చీఫ్ బల్ల ముందు నిలబడింది. "సార్, ఫైనల్‌కి డాక్టరు లేడు, అంబులెన్స్ లేదు. ఆ సంగతి వేద్దాం."

"ఆ పడే పిల్ల సంగతేనా? బాగా పట్టింది జనానికి." ఆయన పేజీ మీంచి కళ్లెత్తలేదు. "అంబులెన్స్ మన పని కాదు స్కోరమ్మా. ఫొటోగ్రాఫర్‌ని పంపిస్తా. సంతోషమేనా?"

"వద్దు సార్."

"పంపండి పంపండి అని పంతొమ్మిదేళ్లు నా ప్రాణం తోడేశావు. ఇప్పుడు వద్దంటావేంటి?"

శనివారం ఆమె సెలవు పెట్టి మైదానానికి వెళ్లింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి. అమ్మాయిలు ఒకరి జడలు ఒకరు సవరిస్తున్నారు. పేపరు వాళ్లొచ్చారని కోచ్ అప్పటికే చెప్పేశాడు. గోడని ఆడించొద్దని ఆమె ఆయన్ని బతిమాలింది.

"రెండో కీపర్‌కి మణికట్టు విరిగిందండీ. అయినా ఫొటో పడే రోజున కూర్చోమంటే అది ఊరుకుంటుందా?"

ఫొటోగ్రాఫర్ గోల్‌స్తంభం పక్కన, గీత అవతల, మోచేతుల మీద పడుకున్నాడు. "అమ్మాయ్, ఇటువైపు దూకితే వెలుతురు మొహం మీద పడుతుంది."

"సరే అన్నా!"

రెండో సగంలో అవతలి ఫార్వర్డ్ బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. ఆ క్షణంలో గోడ బంతిని చూడలేదు. కెమెరా ఎక్కడుందో తిరిగి చూసుకుంది. అది చూసి స్కోరమ్మ పరిగెత్తి, మైదానానికి వీపు పెట్టి, లెన్సుకి అడ్డంగా నిలబడింది.

"మేడమ్, తప్పుకోండి!"

"పిన్నీ, అడ్డం లే!" వెనక నుంచి గోడ అరిచింది.

ఆమె కదల్లేదు. వెనక పరుగెత్తే అడుగులు దగ్గరయ్యాయి. ఏదో గట్టిగా తగిలిన చప్పుడైంది. తర్వాత విజిల్, ఆ తర్వాత అదీ లేదు. ఫొటోగ్రాఫర్ ఆమెను దాటి చూశాడు. అతని నోరు కొంచెం తెరుచుకుంది. కెమెరాని మెల్లగా గడ్డి మీద పెట్టేశాడు.