నట్టు మీద పసుపు గీత

మా మామగారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో మా కాలేజీ ఫస్టియర్ పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతున్నాను. ఫోను చేసింది నా భార్య. వారం రోజులుగా ఆమె సూర్యాపేట దవాఖానలో తండ్రి దగ్గరే ఉంది. "నాన్న పోయిండు" అంది. బోర్డు మీద బొమ్మ సగంలో వదిలేసి, పిల్లలకు క్లాసు అయిపోయిందని చెప్పి, బయటికి వచ్చి కారెక్కాను. సూర్యాపేట చేరేదాకా కారు కింద నుంచి ఊఁ అని మోత వస్తూనే ఉంది. ఆయన గురించి రాయాలని కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మోతే. కాబట్టి దాని గురించే రాస్తాను.

హైదరాబాదు, విజయవాడ రోడ్డు మీద తిరిగేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. సూర్యాపేట దగ్గర ఎప్పుడైనా టైరు మార్పించుకుని ఉంటే మీరు మా మామగారిని చూసే ఉంటారు. పొట్టిగా, సన్నగా, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని ఉండేవారు. నలభై ఏళ్లు ఒకే షాపులో టైర్ల పని, చక్రాల అలైన్‌మెంట్ పని చేశారు. ఎంత సబ్బుపొడి వేసి కడిగినా ఆయన చేతుల రబ్బరు వాసన పోయేది కాదు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు నా మొహం కంటే ముందు నా మోటారుసైకిల్ టైర్లు చూశారు. "గాలి సరిగ్గ పెట్టుకుంటుండు, మంచోడే" అని లోపలికి వెళ్లి కూతురితో చెప్పారట. మా పెళ్లి అలా ఖాయమైంది. ఆ మాట చెప్పి నా భార్య నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది, అంటే మొన్నమొన్నటిదాకా ఏడిపించేది.

ఆయన పని తీరు వేరు. ఏ బండి వచ్చినా ముందు స్పానర్ పట్టేవారు కాదు. డ్రైవర్ని ఒక చక్కర్ కొట్టమని, తాను వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవారు. పాటలు ఆపమనేవారు. తిరిగొచ్చాక టైరు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు నిమిరేవారు. ఒకవైపు నున్నగా, మరోవైపు గరుకుగా తగిలితే చక్రం వంకరగా దొర్లుతున్నట్టు. తర్వాత బండికి రెండు వైపులా దారం బిగించి కట్టి, దారం నుంచి రిమ్ముకు ఎంత దూరమో స్టీలు స్కేలుతో కొలిచేవారు. షాపులోకి కంప్యూటర్ మిషన్ వచ్చాక ఓనరు ఆయన్ని టైర్లు విప్పే పనిలో పెట్టాడు. అయినా పాత లారీ డ్రైవర్లు మిషన్ దగ్గరికి పోకుండా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. "బండిల ఏం తప్పున్నా టైరు మీద రాసుంటది. సదువుకోవాలె, అంతే" అనేవారు ఆయన. నేను పుస్తకాలు చదివినవాణ్ని కాబట్టి నవ్వి ఊరుకునేవాణ్ని.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఒక నట్టు ఉంటుంది. అలైన్‌మెంట్ మార్చాలంటే దాన్ని వదులు చెయ్యాల్సిందే. ఏ బండి కిందికి దూరినా ఆయన ముందుగా టైర్లకు రాసే పసుపు మైనపు చాక్ తీసి, ఆ నట్టు మీది నుంచి కడ్డీ మీదికి ఒకే గీత గీసేవారు. ఎందుకు మామా అని ఒకసారి అడిగాను. "నేను సూసిన గాని తిప్పలేదని సాక్ష్యం" అన్నారు. ఎప్పుడో, ఆయన ముట్టుకోని బండిని ఆయనే పాడుచేశారని ఎవరో గొడవ చేశారట. అప్పటినుంచి అలవాటైంది.

పోయిన వేసవిలో మేం కొత్త కారు కొన్నాం. రెండు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు మాడుగులపల్లిలో పెళ్లికి వెళుతుంటే, నున్నటి రోడ్డు మీద అరవై స్పీడు దాటగానే ఈ మోత మొదలైంది. స్టీరింగ్ కూడా కొంచెం ఎడమకు లాగుతున్నట్టనిపించింది. ఆ ఆదివారం సూర్యాపేట వెళ్లి మామగారికి చెప్పాను. ఆయన ఎప్పట్లాగే వెనక సీట్లో కూర్చున్నారు. జనగామ రోడ్డులో కొంతదూరం పోయి వచ్చాక టైర్లు నిమిరారు, కిందికి దూరారు, గీతలు గీశారు, దారం కట్టారు. గంటసేపు చూసి చేతులు తుడుచుకున్నారు.

"ముందటిది కాదు అల్లుడా, ఎనకది. ఎనక ఇరుసులనే వంకరున్నది. నేను ముట్టుకోను. కొత్త బండి, వారంటీల ఉన్నది, ఆళ్లతోనే చేపియ్యి. ఎనక అని సర్వీసు కార్డు మీద రాపియ్యి, మర్సిపోకు."

నేను రాయించలేదు. సూర్యాపేట షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ఏం కంప్లయింట్ సార్ అని అడిగితే మోత వస్తోంది అని మాత్రమే చెప్పాను. మా మామగారు దారం కట్టి చూశారని ఆ ఏసీ గదిలో, ఆ కంప్యూటర్ ముందు చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. వాళ్లు మిషన్ మీద కొలిచి, ముందు చక్రాలు సరిగ్గానే ఉన్నాయని ఒక కాగితం ఇచ్చారు. అందులో వెనక చక్రాల అంకెలు ఎర్రగా ఉన్నాయి. అడిగితే, వెనకది మార్చడానికి వీలుండదని, ఈ మోడల్ బండ్లన్నిటికీ అట్లాగే వస్తుందని చెప్పారు. సరే అన్నాను. మోత పోలేదు. రెండోసారి వెళితే టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చారు. ఈసారి మోత ముందు నుంచి రావడం మొదలైంది. అప్పుడు టైర్ల వారంటీ తమది కాదని, టైర్ల కంపెనీదని చెప్పి కోదాడ డీలర్ దగ్గరికి పంపారు.

కోదాడ డీలర్ పెద్దమనిషి. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరాడు, అచ్చం మామగారిలాగే. "టైరు తప్పేం లేదండీ. బండే టైర్ని తినేస్తోంది. షోరూమ్ వాళ్లనే గట్టిగా అడగండి" అన్నాడు. అలా సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి సూర్యాపేటకు తిరిగి తిరిగి నాకు విసుగు నెత్తికెక్కింది.

మూడోసారి మామగారు తానూ వస్తానన్నారు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. షోరూమ్‌లో ఆయన్ని ఎరిగిన మెకానిక్కులు ఇద్దరు నమస్తే పెట్టారు. కారును పైకి లేపారు. అడ్వైజర్ కింద నిలబడి చూసి, నట్టు మీద పసుపు గీత కనిపెట్టాడు. సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాడు. "బయట ఎవరో ఓపెన్ చేసిండ్రు సార్. మార్కింగ్ కూడా ఉంది. ఇగ వారంటీలో రాదు" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను మామగారి వైపు తిరిగాను.

"మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నరు మామా?"

ఆయన గొంతు పెంచలేదు. "ముట్టుకోలే అల్లుడా. గీత విరగలే. వంగి సూడు" అన్నారు.

నేను వంగలేదు. కింద ఆయిలు, నాది ఇస్త్రీ ప్యాంటు. అసలు సంగతి అది కూడా కాదు. ఆయన మాట నమ్మితే ఆ కుర్రాడితో పోట్లాడాలి, నమ్మకపోతే ఇంటికి పోవచ్చు. నేను ఇంటికి పోయే దారి చూసుకున్నాను. ఆయన ఇంకో రెండు నిమిషాలు నిలబడి, గేటు బయటికి నడిచి, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. తర్వాత ఆయన మా కారు ఎక్కలేదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. పోట్లాట ఏమీ లేదు. మా పాప పుట్టినరోజుకు బస్సులో వచ్చారు, సంచీలో బత్తాయిలు తెచ్చారు, పాపను ఎత్తుకుని ఆడించారు. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండులో దించుతానంటే, "నడుస్త, జర కాళ్లు సాగుతయి" అన్నారు. కారు వైపు చూడలేదు. మేం సూర్యాపేట వెళితే ఇంట్లోంచి బయటికి వచ్చేవారు కాదు. నా భార్య ఒకసారి మాత్రం, మా నాన్నను ఆళ్ల ముందట అట్ల అనకుంటే బాగుండు, అంది. మోత వినబడకుండా నేను కారులో పాటలు పెద్దగా పెట్టుకోవడం నేర్చుకున్నాను.

చివరికి కంపెనీ పెద్దాఫీసుకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఆ రోజు తీసిన ఫొటోను అడ్వైజర్ అప్పుడే నాకు వాట్సాప్‌లో పంపాడు, నేను తెరిచి చూడనేలేదు. ఉత్తరానికి జతచేయడానికి కాలేజీ ల్యాబులో పెద్ద స్క్రీన్ మీద తెరిచాను. పసుపు గీత నట్టు మీది నుంచి కడ్డీ మీదికి తిన్నగా పోయింది. ఎక్కడా తెగలేదు. నట్టు ఏ కొంచెం తిరిగినా దాని మీది సగం గీత దాంతోపాటు పోయి, కడ్డీ మీది సగం అక్కడే ఉండిపోతుంది. ఆ ల్యాబులోనే పద్నాలుగేళ్లుగా పిల్లలకు ఇలాంటివే చెబుతున్నాను. ఫొటో ఎనిమిది నెలలుగా నా జేబులో ఉంది. నాకు సిగ్గేసింది.

ఉత్తరం రాశాను. ఈసారి దారం సంగతీ రాశాను, వెనక అనీ రాశాను. హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి కొలిచి, వెనక ఇరుసు తయారీలోనే తేడా ఉందని ఒప్పుకున్నాడు. వారంటీ కింద కొత్తది వేస్తారు, అరిగిన టైర్లూ మారుస్తారు, పార్టు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఆ సాయంత్రం నా భార్య, ఇప్పుడే నాన్నకు ఫోన్ చేసి చెప్పు, అంది. కారు బాగయ్యాక తీసుకుపోయి చెబుతానన్నాను, నువ్వూ చెప్పొద్దన్నాను. ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి కోదాడ దాకా పోయి రావాలని, మోత లేని కారులో ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటే అప్పుడు తప్పైంది మామా అనాలని నా ఆలోచన. ఉత్త చేతులతో వెళ్లి ఆ మాట అనడానికి భయపడ్డాను, ఉన్నమాట అది.

పది రోజులకు ఆయనకు ఊపిరి ఆడక దవాఖానలో చేర్చారు. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి మంచం చుట్టూ చుట్టాలు ఉన్నారు. ఆయన ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకి ఎత్తి, "బండి ఎట్లున్నది?" అని అడిగారు.

"మంచిగనే ఉన్నది మామా" అన్నాను.

జబ్బు మనిషికి ఆ గొడవంతా ఎందుకనుకున్నాను. ఇంకో వారమైతే పార్టు వస్తుంది, తీరిగ్గా చెప్పుకోవచ్చనుకున్నాను. ఆయన తల ఊపి, మాస్కు పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నారు. నాలుగు రోజులకు పోయారు.

దహనం అయిన ఐదో రోజు షోరూమ్ నుంచి పార్టు వచ్చిందని మెసేజ్ వచ్చింది. పదకొండో రోజు కార్యం ముగిశాక, మర్నాడు పొద్దున కారు ఇచ్చి, మధ్యాహ్నానికి తీసుకున్నాను. బైపాస్ మీద ఎనభైలో పోయి చూశాను. మోత లేదు. అత్తగారింటి నుంచి నా భార్యను, పాపను ఎక్కించుకుని, మిర్యాలగూడ దారి పట్టకుండా మామగారి షాపు ముందు ఆపాను. నలుగురి ముందు ఆయన్ని తప్పుపట్టాను, నలుగురి ముందే ఆ తప్పు నాదని చెప్పాలనుకున్నాను.

షాపులో ఆయనతో ముప్పై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి లారీ చక్రం బిగిస్తున్నాడు. ఓనరు ఉన్నాడు, డ్రైవర్లు ముగ్గురున్నారు. అందరికీ వినబడేలా చెప్పాను. తప్పు వెనక ఇరుసులోనే ఉందని, మామగారు మొదటి రోజే చెప్పారని, ఆయన నట్టు ముట్టుకోలేదని, కంపెనీ ఒప్పుకుని కొత్తది వేసిందని. ఆ మనిషి స్పానర్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చి అన్నాడు.

"గిది ఆయనకు తెల్వదు సారూ. దవాఖానకు నేను పోయిన్నాడు నాకు వేరే తీరు చెప్పిండు. అల్లుడి బండి మంచిగనే ఉన్నదట, ఎనకదని నేను చెప్పింది తప్పాయె, ఇగ నా చేతులకు టైరు సదువొస్తలేదు, అన్నడు. చేతులు ఇట్ల ముందట పెట్టుకొని సూసుకున్నడు."

కారు అద్దం దించి ఉంది, లోపలి నుంచి నా భార్య ఆ మాట విన్నది. నేను వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆమె వెనక సీట్లో ఉంది, పాప ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

ఊరు దాటి మిర్యాలగూడ రోడ్డు ఎక్కాం. అరవై దాటింది, డెబ్భై దాటింది. కొత్త ఇరుసు మీద కారు చప్పుడు లేకుండా పోతోంది. అప్పుడు వెనక నుంచి నా భార్య ఏడుపు వినిపించింది. పాప లేవకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఏడుస్తోంది. ఎనిమిది నెలలుగా సూర్యాపేట వచ్చిన ప్రతిసారీ ఆమె తిరుగు ప్రయాణంలో ఆ సీట్లోనే కూర్చుంది. అన్నిసార్లూ ఇలాగే ఏడ్చిందేమో. ఆ మోతలో, ఆ పాటల్లో నాకు వినబడలేదు.