అన్నయ్య పెట్టని గుర్తు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, మధ్యలో "అప్పుడు కరెంటుందా లేదా?" అని అడిగి ఆ కథ పాడుచేసే రకం నేను. రాజోలు దగ్గర ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇది కూడా మా వదిన బతిమాలితేనే రాస్తున్నాను.

మాది సముద్రంలో చేపల వేట మీద బతికే కుటుంబం. అన్నయ్య చదువు అయిదో తరగతితో ఆగిపోయింది కానీ, సముద్రం అడుగున వల చిక్కే దుంగలు ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఫోన్‌లో మ్యాప్ మీద గుర్తులు పెట్టడం నేనే నేర్పాను. నెల తిరిగేసరికి నన్ను మించిపోయాడు. 'జెల్లల గుంట', 'వల చింపిన దుంగ' అని పేర్లు కూడా పెట్టుకున్నాడు.

ఫోన్ పోతే అంత విద్యా పోతుందని, ఆ గుర్తులన్నీ నా కంప్యూటర్‌లోకి కూడా చేరేలా రెండిటినీ కలిపాను. డేటా ఖర్చు కాకుండా, ఇంటి వైఫై అందినప్పుడే చేరేలా పెట్టాను. అంటే ఫోన్ ఇంటికొస్తేనే గుర్తులు వస్తాయి.

ఒక ఆదివారం వేకువన అన్నయ్య మరో ఇద్దరితో వేటకెళ్ళాడు. ఎటు వెళ్తున్నారని ఎవరమూ అడగలేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే చేటని మావాళ్ళ పట్టింపు. నాకు నమ్మకం లేకపోయినా నేనూ అడగలేదు.

పన్నెండుకి రావలసిన పడవ ఒంటిగంటన్నరకీ రాలేదు. ఊళ్ళో పడవలు పడమర వైపు వెతకడానికి వెళ్ళాయి. వదిన మా గుమ్మంలో కూలబడింది.

"ఎటెళ్తన్నారండీ అని ఒక్కమాట అడిగుంటే ఏం పోయేదమ్మా నాకు" అని ఏడ్చింది.

పాత గుర్తులు చూస్తే ఏమైనా తోస్తుందేమోనని కంప్యూటర్ తెరిచాను. రెండుంపావుకి, నేను చూస్తుండగానే, కొత్త గుర్తు ఒకటి వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే మొగకి తూర్పున, సముద్రంలో బాగా లోపలికి. పేరు లేదు. వచ్చింది అన్నయ్య ఫోన్ నుంచే. ఆ ఫోన్‌కి రింగు చేస్తే స్విచాఫ్.

వెతుకుతున్న పడవల వాళ్ళకి ఫోన్ చేసి ఆ చోటు చెప్పాను. మరో గంటకి, దానికి కొద్ది దూరంలోనే, తిరగబడ్డ పడవని పట్టుకుని ముగ్గురూ దొరికారు. తోటివాళ్ళలో పెద్దాయనకి మొదట్లోనే ఓపిక అయిపోతే, అన్నయ్య ఆయన్ని వల తాడుతో తన నడుముకి కట్టుకుని అయిదు గంటలు నీళ్ళలో నిలబెట్టాడు. నా అన్న అంతటివాడని అప్పుడే తెలిసింది నాకు.

తేరుకున్నాక ఫోన్ సంగతి అడిగాను.

"ఇంకెక్కడి ఫోనే. పొద్దున మొగ దాటేటప్పుడే కెరటం కొట్టి నీళ్ళలో పడిపోయింది. ఎనిమిదన్నా కాలేదప్పటికి" అన్నాడు. మిగతా ఇద్దరూ అదే చెప్పారు. పడవ తిరగబడింది పదింటికి.

మా బడిలో సైన్సు మాస్టారు, "ఎప్పటిదో పాత గుర్తు ఆలస్యంగా చేరి ఉంటుందండి" అన్నారు. పాతదైతే వీళ్ళు కొట్టుకుపోబోయే చోటు దానికెలా తెలిసిందండి అంటే, ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి క్లాసుకి వెళ్ళిపోయారు.

రెండుంపావుకి ఏం చేస్తున్నావని అన్నయ్యని అడిగాను.

"నీళ్ళలో టైమేంటే" అని నవ్వాడు. తర్వాత, "ఎండ నడినెత్తి దాటాక చేతులు పట్టు తప్పాయి. మేం ఇక్కడున్నామని చెల్లికి తెలిస్తే బాగుండునని అనుకున్నాను. అంతే" అన్నాడు.

నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ గుర్తు ఎలా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను.