తలుపు దాటిన కాగితపు కప్ప

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లో మిత్రుడు శ్రీధర్ ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఓ ఆదివారం వాళ్ల ఆరేళ్ల కొడుకు రోహన్‌ని సరదాగా ఎల్‌ఆర్‌టీ రైలెక్కించాను. ఆ రైలుకు డ్రైవరుండడు. పెట్టె ఖాళీగా ఉండటంతో కాగితంతో రెండు కప్పలు మడిచి కింద పెట్టాను. వెనక నొక్కితే గెంతుతాయి.

"తలుపు దాటిన కప్పదే గెలుపురా!" అన్నాను.

స్టేషన్ వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. రోహన్ కప్ప ప్లాట్‌ఫారం మీదికి గెంతింది. దాని వెనకే వాడూ దూకాడు. నేను లేచేలోగా తలుపులు మూసుకున్నాయి. అద్దం బాదాను, అరిచాను. రైలాపమని అడగడానికి నడిపే మనిషే లేడు.

తర్వాతి స్టేషన్లో దిగి ఎదురు రైలు కోసం నిలబడ్డంతసేపూ వాడు పట్టాల మీదికి వంగుతున్నట్టే కళ్లకు కట్టింది. తిరిగి వెళ్లేసరికి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"అంకుల్, ఐ విన్ లా!" అని అక్కడి పిల్లల యాసలో అంటూ కప్పను చూపించాడు.

ఇంటికెళ్లగానే "మమ్మీ, నేను స్టేషన్లో అలోన్!" అని గొప్పగా చెప్పాడు. వదిన మొహం పాలిపోయింది.

"నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు వదినా" అనేశాను.

వదిన వాడి చెంప ఛెళ్లుమనిపించింది. వాడు ఏడుస్తూ నావైపు చూశాడే గాని పందెం సంగతి చెప్పలేదు.

మొన్న రోహన్ నిశ్చితార్థంలో వదిన "రైల్లోంచి దూకిన పిడుగు వీడు" అంటే అందరితోపాటు నేనూ నవ్వాను.

వదినా, వాడు ఆ రోజు అల్లరి చెయ్యలేదు. నేను చెప్పిన ఆట ఆడాడు.