మూడు బడుల టీచరు

మల్లాపూర్ ఫ్యాక్టరీల వెనకున్న ప్రాథమిక పాఠశాలకు కమలకుమారి ఒక్కతే టీచరు. ఐదు తరగతులకూ కలిపి మిగిలింది ఒకటే గది. రెండో గది గోడ కూలిపోయి ఏళ్లు గడిచినా పట్టించుకున్న నాథుడు లేడు. వాన పడితే పిల్లలందరినీ కారని మూలకు జరిపి, చిన్నవాళ్లతో అక్షరాలు దిద్దిస్తూనే పెద్దవాళ్లకు భాగహారాలు చెప్పేది. సాయంత్రానికి గొంతు పోయేది.

రెండువేల తొమ్మిదిలో ఒకరోజు పై అధికారి రామ్మోహనరావు బడికి వచ్చాడు. జపాన్ నుంచి ఒక పరిశోధకురాలు వస్తోందట. పసిపిల్లల చదువు మీద అక్కడి ప్రభుత్వం ఎంత పెడుతోందో, ఇక్కడి ప్రభుత్వం ఎంత పెడుతోందో పోల్చి చూస్తుందట.

"వేరే బడి నుంచి ఇద్దరు టీచర్లను పంపిస్తాను. బెంచీలూ వస్తాయి. ఆ ఒక్కపూట మీరేమీ మాట్లాడకండి, మేడమ్," అన్నాడు.

కమలకుమారి సరేనంది. పైవాళ్లతో తనకెందుకు అనుకుంది.

వచ్చినావిడ నెమ్మదస్తురాలు. పిల్లల మధ్య కింద కూర్చుంది. వెళ్లబోతూ, "ముగ్గురు టీచర్లు, సరిపడా బెంచీలు. నేను అనుకున్నంత అన్యాయంగా ఏమీ లేదు. అదే రాస్తాను," అంది పక్కనున్న దుభాషితో.

దుభాషి ఆ మాటలు తెలుగులో చెప్పగానే కమలకుమారికి లెక్క అర్థమైంది. ఎరువు తెచ్చిన బెంచీలు కూడా సర్కారు పెట్టిన ఖర్చు కింద జమైపోతాయి. ఇక ఈ పిల్లలకు ఏమీ అక్కర్లేదన్నట్టే.

"అట్ల రాయకున్రి, మేడమ్," అనేసింది. "ఈ టీచర్లు, బెంచీలు ఈ ఒక్కపూటకే. ఈ గది పిల్లల నెత్తిన ఎప్పుడు పడుతదో తెల్వదు. మీ దేశంల ఇసొంటి బడి ఉంటదా?"

దుభాషి ద్వారా అంతా విని, ఆవిడ తన పుస్తకంలో రాసుకున్నది కొట్టేసింది. ఇక్కడి ధరలూ అక్కడి ధరలూ వేరని, ఆ తేడా తీసేసి చూసినా, అక్కడ ఒక్క పిల్లకు పెట్టేదానితో ఇక్కడ తరగతంతా చదువుకోవాల్సి వస్తోందని చెప్పింది. రామ్మోహనరావు ముఖం కందగడ్డైంది.

కొన్ని నెలలకు ఆ పోలిక పత్రికల్లోకి ఎక్కింది. ఆ వెంటే బడికి తాళం పడింది. పిల్లల్ని పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేశారు. కమలకుమారిని ఘట్‌కేసర్‌కు బదిలీ చేశారు.

"గది ప్రమాదమని మీరే కదా అన్నారు, మేడమ్," అన్నాడు రామ్మోహనరావు.

పొద్దస్తమానం లారీలు తిరిగే రోడ్డు అది. పిల్లల్ని దాటించడానికి ఒక ఆయానైనా పెట్టమని ఆమె ఎంత బతిమాలినా ఎవరూ వినలేదు. చదువు ఆగిపోతుందన్న భయంతో తనే ఇల్లిల్లూ తిరిగింది.

ఫ్యాక్టరీ కూలీ చంద్రయ్య తన బిడ్డ గౌతమిని పంపనన్నాడు. "మేమిద్దరం పనికి పోతం, టీచరమ్మా. రోడ్డు ఎవరు దాటిస్తరు?"

"పది మంది పిల్లలు కలిసి పోతరు, చంద్రయ్యా. బిడ్డ తెలివైంది, ఆపకు."

ఆమె మాట కాదనలేక పంపాడు. ఆ చలికాలంలోనే, వెనక్కి తిరుగుతున్న లారీ కింద గౌతమి కాలు పడింది. దవాఖానా వరండాలో చంద్రయ్య అరవలేదు, తిట్టలేదు.

"మీరు జెప్పిన్రనే తోలిన, టీచరమ్మా," అన్నాడంతే.

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. గౌతమి ఇంటికొచ్చాక ఘట్‌కేసర్ నుంచి ప్రతి ఆదివారం వచ్చి చదువు చెప్పింది. మొదట్లో చంద్రయ్య పలకరించేవాడు కాదు. తర్వాత తర్వాత కుర్చీ వేసేవాడు. అలా గౌతమి ఐదో తరగతి గట్టెక్కింది. హైస్కూలు మాత్రం చంద్రయ్య ఒప్పుకోలేదు. తల్లితోపాటు ఇంట్లోనే గుండీల ప్యాకింగుకు కూర్చోబెట్టాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నెలలో ఉప్పల్ చౌరస్తా అంతా రంగులు, డప్పులు. ఆ వారమే కమలకుమారిని నారపల్లి బడికి వేశారు. వెళ్లి తలుపు తీసి చూస్తే ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని ఉన్నారు. మిగతా టీచర్లెక్కడని అడిగితే, "మీరే, మేడమ్," అన్నారు పిల్లలు.