దీవిలో వదిలిన ఒడిబియ్యం

మొన్న మా మనవరాలు భర్తతో కలిసి ఇండియా వెళ్లి ఫిజీకి తిరిగి వస్తుంటే, లౌటోకా నుంచి టాక్సీ కట్టించుకుని నేనూ నాంది ఏర్‌పోర్టుకి వెళ్లాను. అక్కడ మా పాత ఊరు వెతికి పట్టుకున్నారట, ఎవరో దూరపు పెద్దమ్మ మనవరాల్ని పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపిందట. ఆ మూట లేకుండానే బయటికొచ్చి, "తాతా, బియ్యం ఆఫీసరు లే లిస్, తీసేసుకున్నాడు. పురుగు వస్తుందంట, కాగితం మీద సైన్ చేసినా" అని నవ్వేసింది. నవ్వదూ మరి, ఇంట్లో బస్తా బియ్యం ఉంది. నేను మాత్రం ఆ పూట ముద్ద ఎత్తలేకపోయాను.

గిర్మిటు మీద, అంటే అయిదేళ్ల కూలి కాగితం మీద, వచ్చిన నా ఈడు వాళ్లు ఇంకా నలుగురైనా మిగిలి ఉంటే, సువా ఎదురుగా ఉన్న ఆ చిన్న దీవి వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఓడ దిగిన వాళ్లని ముందు అక్కడే ఉంచి, బట్టలు ఉడకబెట్టించి, ఒళ్లు పరీక్ష చేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి వస్తువు ఏదున్నా తీసుకుని మంటలో వేశారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఓడ ఎక్కే ముందు ఉంచిన మద్రాసు డిపోలో నాలుగు హిందుస్తానీ ముక్కలు పట్టుబడ్డాయి కనుక, తెలుగు వాళ్లకి నువ్వే చెప్పమని దొర నన్ను ముందు నిలబెట్టాడు. ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఈ పని బాగా చేస్తే రేపు తోటలో నన్ను కూలీల మీద సర్దారుని చేస్తారని, చెరుకు నరికే బాధ తప్పుతుందని నా ఆశ.

ఓడలో నన్ను తమ్ముడూ అని పిలిచిన అక్క ఒకామె ఉండేది, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, మొగుడితో వస్తోంది. బయలుదేరిన నాడు వాళ్లమ్మ ఒడిలో పోసిన బియ్యాన్ని సముద్రమంతా తల కింద పెట్టుకునే పడుకుంది, ఓడ తిండి సయించక పస్తున్న రోజున కూడా ఒక్క గింజ ముట్టలేదు. కొత్త చోట సొంత పొయ్యి మీద మొదటి అన్నం ఆ బియ్యంతోనే వండాలని, అప్పుడే అది తన ఇల్లవుతుందని ఆమె నమ్మకం. ఆమె మూట వదలకపోయేసరికి వరుస ఆగిపోయింది, దొర నా వైపు చూశాడు. నిజం చెబితే ఏడ్చేది, అంతే కదా. గుప్పెడైనా కొంగున దాచుకోమని తెలుగులో అంటే దొరకేం అర్థమయ్యేది కాదు. రెండూ చేయలేదు నేను. పొగ పట్టించి వారంలో తిరిగి ఇచ్చేస్తారక్కా, పూచీ నాది అన్నాను. నా మాట మీద ఇచ్చేసింది. దొర మనిషినని నన్నెవరూ తడమలేదు, మా అమ్మ ఉప్పేసి దంచిన చింతపండు నిమ్మకాయంత ఉండ నా మొలలో భద్రంగానే ఉంది.

వాళ్లకీ నాకూ వాయిలేవు చెరుకు తోటే పడింది, కూలీల లైనులో పక్క పక్క గదులు, మధ్య గోడ కప్పు దాకా ఉండదు. అక్క తన గది ముందు పొయ్యి పెట్టకుండా పక్క వాళ్ల పొయ్యి మీదే వండుకుంటూ, ప్రతి ఆదివారం "బియ్యం ఎప్పుడొస్తాయి తమ్ముడూ" అని అడిగేది. వచ్చే స్టీమరుకి అనేవాణ్ణి.

ఒకసారి నాకు జ్వరం వచ్చి నోరు చేదెక్కితే, ఎవరూ లేరనుకుని కాస్త చారు పెట్టుకున్నాను. ఆ వాసనకి అక్క వచ్చి, గిన్నెలోకి చూసి, "చింతపండు రానిచ్చారా తమ్ముడూ" అంది. నేను గిన్నె మీద మూత పెట్టబోయాను. ఆమె పక్కన కూర్చుని, ఆ చారే అన్నంలో పోసి కలిపి నా చేత తినిపించింది. మర్నాడు చూస్తే తన గది ముందు మూడు రాళ్లు పెట్టి, రేషను బియ్యం వండుతోంది. ఆ తర్వాత బియ్యం సంగతి మళ్లీ అడగలేదు.

సర్దారు పని నాకు రానూ లేదు. గిర్మిటు తీరాక అక్కా వాళ్లాయనా వేరే చోట పొలం పట్టి వెళ్లిపోయారు, కొన్నాళ్లకి అక్క పోయిందని తెలిసింది. తప్పయిందక్కా అని ఒక్కసారి అనడానికి అయిదేళ్లు పక్క గదిలో ఉండి కూడా నాకు నోరు రాలేదు.

ఇప్పుడంతా మారింది. ఒడిబియ్యం పోయినా పిల్లలకి బెంగ లేదు, అదీ మంచిదేనేమో. తీసుకున్నది మళ్లీ రాదని ఆ ఆఫీసరు మా మనవరాలికి ముందే చెప్పాడట. ఊరూ పేరూ తెలియని అతను ఇంగ్లీషులో అయినా నిజమే చెప్పాడు. తమ్ముడూ అని పిలిచిన అక్కకి నేను తెలుగులో అబద్ధం చెప్పాను.