ముద్ర పడని పుస్తకాలు

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. నాకు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి. వచ్చాక కూడా, వాటిని దిద్దించిన మేడం గారు బతికుండగా ఇది రాస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారని ఆగిపోయాను. మొన్న ఆవిడ పెద్దకర్మకు వెళ్లి, దండ వేసిన ఫొటో ముందు కాసేపు కూర్చుని వచ్చాక, ఇక ఎవరి కోసం ఆగాలి అనిపించింది.

తిరువూరు గ్రంథాలయంలో నేను ఊడ్చే మనిషిని, ఆవిడ గ్రంథపాలకురాలు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పలక మీద దిద్దించేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు కంప్యూటర్ వచ్చింది, ఆవిడను విజయవాడలో శిక్షణకు పంపారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నొక్కుతుంటే నాకు నవ్వొచ్చేది.

"నవ్వకమ్మాయ్, నువ్వూ గుణింతాల్లోనే ఉన్నావు, నేనూ అక్కడే ఉన్నాను," అనేవారు.

"మీకైతే తొడపాశం పెట్టేవాళ్లు లేరు కదండీ," అనేదాన్ని.

పుస్తకాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాలి, ఎవరూ తీసుకెళ్లనివి ఏవో అదే చూపిస్తుంది, వాటిని తీసేసి కొత్తవాటికి చోటు చెయ్యాలి అని శిక్షణలో చెప్పారట. పుస్తకం ఇంటికిచ్చేటప్పుడు లోపల అంటించిన చీటీ మీద తేదీ ముద్ర వేసేవాళ్లం కదా, ఆ ముద్రలు చూసి ఆవిడ నెలల తరబడి ఎక్కించారు. ముద్రల్లేనివి బీరువాలు దిగి, మూటలై, విజయవాడ లారీ ఎక్కాయి.

అయితే గంపలగూడెం, ఎ.కొండూరు వెళ్లేవాళ్లు, పక్కనే ఆగే ఆటో నిండేదాకా మా దగ్గరికొచ్చి, కావలసిన పుస్తకం తామే తీసుకుని, చదివినంత చదివి, ఎక్కడిదక్కడ పెట్టి పోయేవారు. వాళ్లకు సభ్యత్వం లేదు, ఇంటికి తీసుకెళ్లరు, ఇక ముద్ర ఎలా పడుతుంది? అందరి చేతుల్లో నలిగిన పుస్తకాలే ఎవరికీ అక్కర్లేనివిగా తేలాయి. రోజూ కళ్లెదుటే చూస్తూ కూడా ఈ మాట మా ఇద్దరికీ తట్టలేదు.

పశువైద్యం పుస్తకం కోసం వచ్చే గంపలగూడెం రైతు ఒకాయన, పెద్దవాడు, ఒకరోజు బీరువా అంతా తడిమి, "నా పుస్తకమేదమ్మా?" అన్నాడు.

మేడం గారు తెర మీద చూసి, "ఎవరూ చదవట్లేదని తీసేశామండి," అన్నారు.

ఆయన వేళాకోళం అనుకుని నవ్వాడు. "అదేంటమ్మా, నేను చదవట్లా? పొదుగువాపు దగ్గర ఆపి పోయా గదా!"

ఆవిడ ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. మర్నాడే విజయవాడ వెళ్లారు, అప్పటికే మూటలు కాగితం మిల్లుకు చేరిపోయాయి. తర్వాత శిక్షణకు వెళ్లినప్పుడు, కూర్చుని చదివేవాళ్లను ఎక్కడ ఎక్కించాలని లేచి అడిగారట. కంప్యూటర్‌లో దానికి గడి లేదండీ అన్నారట. ఆ పెద్దాయన మళ్లీ రాలేదు. రిటైరయ్యాక ఎన్నేళ్లకు ఫోన్ చేసినా నా ఆరోగ్యం తర్వాత ఆవిడ అడిగేది ఒక్కటే, ఆయన వచ్చాడా అని. పని మానేసినా చదువుకోవడానికి రోజూ అక్కడికి వెళ్తూనే ఉన్నాను గానీ, రాలేదండీ అని చెప్పలేక, నేను ఊడ్చే పని మానేశాను కదండీ, తెలియదు అనేదాన్ని.

ఇప్పుడు ఆటో నిండేదాకా జనం ఆటోలోనే ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నారు. గ్రంథాలయంలో కంప్యూటర్లు పెరిగాయి, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో క్షణంలో చెబుతాయి. ఎవరు ఎక్కడిదాకా చదివి ఆపారో అని బెంగపెట్టుకునే మనిషి మాత్రం మొన్నటితో లేకుండా పోయింది.

పెద్దకర్మ మర్నాడు ఉదయం గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం తీసుకున్నాను. బీరువాలో వెతికి, అంచులు బాగా మెత్తబడ్డ పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను.

"రోజూ వస్తారుగా మామ్మగారూ, ఇక్కడే చదువుకోకూడదూ?" అంది కొత్త గ్రంథపాలకురాలు. తెర చూసి, "ఇంత నలిగింది గానీ, దీన్ని ఇంతవరకూ ఎవరూ తీసుకెళ్లలేదండీ," అంది.

"అందుకేనమ్మా, నా పేరున ఎక్కించు," అని, దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.